వీరదుర్గ రెండో చెంప

వీరదుర్గ మొదటి దెబ్బ తిన్నది ఒక ప్రశ్న అడిగినందుకు. పెళ్ళయిన పదకొండో రోజున, చేపల వేటకని వెళ్ళి మధ్యాహ్నానికి తూలుతూ వచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి "చేపలేవి?" అంది. ఎడమ చెంప పేలిపోయింది. చెవిలో మోత మూడు రోజులుంది. నాలుగో రోజు మోత తగ్గగానే వెళ్ళి మళ్ళీ అదే అడిగింది. ఈసారి కుడి చెంప.

ఇంకొకతె అయితే ఆపాటికి నోరు కట్టేసుకునేది. ఈవిడకి ఆ తెలివి దేవుడివ్వలేదు. నాలుక మాత్రం ధారాళంగా ఇచ్చాడు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ దాకా అమ్మకానికి వెళ్ళేటప్పుడు దారిలో కండక్టర్నీ, కరెంటు బిల్లు కొట్టేవాణ్ణీ, ఓటడగడానికొచ్చిన పెద్దమనిషినీ, ఎవరు దొరికితే వాళ్ళని నిలదీసేది. జవాబు చెప్పినవాళ్ళు తక్కువ, తిట్టినవాళ్ళు ఎక్కువ, చెయ్యి చేసుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఆవిడ కూడా ఊరికే ఉండే మనిషి కాదు. ఒకసారి మొగుడి మోచేతి మీద కత్తిపీటతో గీసిన గీత అతను పోయేదాకా ఉంది.

ఉప్పుగుంటపాలెం నాగాయలంక అవతల ఉంటుంది. రోడ్డుకి ఇంక పోవడానికి చోటులేక సముద్రం ముందు ఆగిపోయిన ఊరు. రెండొందల గడప, అందరూ వేట మీద బతికేవాళ్ళే. ఆ ఊళ్ళో పోలీసుల కన్నా, కోర్టు కన్నా, పార్టీల కన్నా పెద్దది కట్టుబాటు. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే ఊరంతటిదీ అదే మాట. ఏ రోజు పడవలు దించకూడదో, ఎవరితో తగువు పెట్టుకోవాలో, ఎవరికి ఓటెయ్యాలో అన్నీ అక్కడే తేలతాయి. దాటినవాళ్ళకి వెలి. వెలి పడ్డవాళ్ళకి కొట్లో ఉప్పు పుట్టదు, పంపు దగ్గర బిందె పెట్టనివ్వరు, పడవ నీళ్ళలోకి తొయ్యడానికి ఒక్క భుజం రాదు. పలకరించినవాళ్ళకీ అదే శిక్ష.

కొడుకు వెంకట్‌కి ఐదేళ్ళప్పుడు, వల మీద వల పడిందన్న తగాదాలో పొరుగు పాలెం వాళ్ళు వీరదుర్గ మొగుడి తల మీద గడతో కొట్టారు. ఇసకలో పడినవాడు పడినట్టే పోయాడు. ముప్పై మంది చూశారు. వారం తిరక్కుండా రెండూళ్ళ పెద్దలూ కూర్చుని రాజీ పడ్డారు. ఎవరూ ఏమీ చూడలేదు, పడవ అంచు తగిలి పడ్డాడు, ఇదీ కట్టుబాటు. కొట్టే మొగుడే గనక పోయినందుకు ఆవిడ మరీ కుళ్ళి కుళ్ళి ఏడవలేదు. కానీ ఆ అబద్ధం మాత్రం గొంతులో ముల్లులా దిగబడిపోయింది. ఊరి పెద్ద పోతయ్య ఇంటికెళ్ళి వాకిట్లో నిలబడి అడిగింది.

"ముప్పై మందిలో ఒక్కళ్ళకీ కళ్ళు లేవా బావా?"

"ఊరు బతకాలమ్మాయ్," అన్నాడు పోతయ్య. తలెత్తకుండా వల బాగుచేసుకుంటూనే అన్నాడు.

ఆ తర్వాతే వీరదుర్గ ప్రార్థన పాకకి వెళ్ళడం మొదలుపెట్టింది. దేవుడు పిలిచాడని కాదు. ఊరి చివర రేకుల పాకలో జేమ్స్ అనే కుర్ర పాస్టరు నెలకో ఆదివారం సాయంత్రం ప్రశ్నల కూడిక పెడుతున్నాడనీ, ఎవరేమడిగినా కొట్టడనీ విని వెళ్ళింది. ఎనిమిది కుటుంబాలు చాపల మీద కూర్చునేవి, ఈవిడది తొమ్మిదోది. వెళ్ళిన మొదటి రోజే లేచి నిలబడింది.

"ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమని మీ ప్రభువు చెప్పాడంటగా. మా ఆయన రెండోది అడక్కుండానే కొట్టేవోడండీ. దానికేమన్నా వాక్యముందా?"

పాకంతా నవ్వింది. జేమ్స్ నవ్వలేదు. "అది పిరికితనం గురించి చెప్పింది కాదమ్మా," అన్నాడు. "ఎదటివాడు చెయ్యెత్తినా మన మనసులో చెయ్యి లేవకూడదని."

"నా మనసులో కత్తిపీట లేచేదండి."

"ఆ సంగతి దేవుడితో చెప్పుకోండి."

కసురుకోకుండా జవాబు చెప్పిన మొదటి మగవాడు అతనే. రెండేళ్ళకి వీరదుర్గ బాప్తిస్మం తీసుకుంది. పేరు మార్చుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు. "మా అమ్మ పెట్టింది, ఆవిడేం తప్పు చేసింది?" అంది. అలా దుర్గమ్మ పేరు పెట్టుకునే ప్రభువు పాటలు పాడేది, అదీ శ్రుతి లేకుండా.

ఎన్నికలొస్తే ప్రశ్నల కూడిక వేడెక్కేది. అధికారులకి లోబడమన్నారు కదా, అధికారి దొంగైతే ఎంతవరకు లోబడాలి? రాజుది రాజుకివ్వమన్నప్పుడు ఓటు ఎవరిది, రాజుదా, దేవుడిదా? మనవాడని వెయ్యాలా, మంచివాడని వెయ్యాలా? రెండు పార్టీలవాళ్ళూ వచ్చి తల వంచితే పాస్టరుగారు ఇద్దరూ గెలవాలని ప్రార్థన చేశారు, పైవాడు ఎవరి అర్జీ తీసుకోవాలి? ఈ ఆఖరిది వీరదుర్గదే. జేమ్స్ చెవులదాకా ఎర్రబడి, తల నిమరడం వేరు, ఓటెయ్యడం వేరు అని ఏదో సర్దుకున్నాడు.

నాలుగేళ్ళ కిందట పంచాయతీ ఎన్నికలొచ్చాయి. గుడివాడ నుంచి పూర్ణచంద్రరావుగారు కారు వేసుకుని వచ్చాడు. కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులున్న ఆసామి, రాజకీయాల్లో పెద్ద చెయ్యి. ఊరికి ఐసు ఫ్యాక్టరీ తెస్తానన్నాడు, తన మనిషిని సర్పంచిని చెయ్యమన్నాడు. పెద్దలు సరేనన్నారు. కట్టుబాటు నిలబడాలంటే ఒట్టు ఉండాలి కదా. పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని పోతయ్య, వెనకాల అతని కొడుకు రాంబాబు, ఇంకో పాతిక మంది గడప గడపకీ తిరిగారు. కర్పూరం మీద చెయ్యిపెట్టి, ఫలానా గుర్తుకే వేస్తామని అనాలి. ప్రార్థన పాక వాళ్ళ ఇళ్ళకొచ్చేసరికి కర్పూరం పక్కన పెట్టి, జేమ్స్ దగ్గర అడిగి పట్టుకొచ్చిన బైబిలు ముందుకి చాపారు. పెద్దలు ఆమాత్రం మర్యాద తెలిసినవాళ్ళే.

మొదటిల్లు వీరదుర్గది.

"చెయ్యిపెట్టు అమ్మాయ్, పనైపోద్ది," అన్నాడు పోతయ్య.

సరిగ్గా ముందు నెల కూడికలో ఆవిడ ఒట్టు గురించే అడిగింది. అసలు ఒట్టే పెట్టుకోకండి, అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించింది మంచిది కాదన్నది ప్రభువు బోధ అని జేమ్స్ అరగంట సేపు చెప్పాడు. వీరదుర్గ చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"మీరు చెప్పినోడికే వేస్తానేమో బావా. ఒట్టు మాత్రం పెట్టను. పెట్టొద్దని నువ్వు పట్టుకున్న ఆ పుస్తకంలోనే ఉంది."

వెనకనున్న పాతిక మందీ గొల్లుమన్నారు. పోతయ్య మొహం నల్లబడింది. నలభై ఏళ్ళ పెద్దరికంలో గుమ్మం ముందు ఎవరూ అతనికి కాదని చెప్పలేదు. మిగతా ఎనిమిదిళ్ళవాళ్ళూ ఈవిడ్ని చూసి చేతులు ముడుచుకున్నారు. ఓటు ఇస్తామన్నారు, ఒట్టు వద్దన్నారు. ఆ చిన్న తేడా కోసం ఊరు కొట్టుకు చస్తుందని ఎవరికి తెలుసు? సాయంత్రానికి తొమ్మిదిళ్ళకీ వెలి పడింది. దాంతోపాటు కొత్త కట్టుబాటు: ఒట్టు లేని ఓటు పోలింగు బూత్ దాకా రాకూడదు.

ఆ వారం రోజులూ వీరదుర్గ చేపల బుట్ట రెండుసార్లు బోర్లా పడింది. మూడోనాడు తెల్లారేసరికి వెంకట్ వల బూడిదైపోయింది. రాంబాబు, వెంకట్ ఒకే ఈడువాళ్ళు, ఒకే పడవ మీద పనిచేసినవాళ్ళు. ఆ వల ఇద్దరూ కలిసి అల్లిందే. బూడిదలో వల బరువుకి కట్టిన సీసం గుళ్ళు ఏరుకుంటూ వెంకట్ తల్లితో ఒక్క మాటన్నాడు. "అగ్గిపెట్టింది రాంబాబేనమ్మా. వాడికి తప్ప దీని చోటు ఎవడికీ తెలవదు." వీరదుర్గ ఆ రోజు అన్నం వండలేదు.

పోలింగు రోజున బడి దగ్గర పోలీసులున్నారు. అందుకే పెద్దలు బడికి రెండొందల గజాల ఇవతల, వలల పాక దగ్గర మనుషుల్ని పెట్టారు. ఎనిమిది గంటలకి జేమ్స్ ముందు, వెనక తొమ్మిదిళ్ళ ఆడా మగా ఓటరు కార్డులు పట్టుకుని బయల్దేరారు. వలల పాక దగ్గరికి రాగానే కర్రలు లేచాయి. మొదటి కర్ర జేమ్స్ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అతను "ప్రభువా" అని కూలబడ్డాడు. కూలబడ్డవాణ్ణి కాళ్ళతో తన్నారు. ఒక ముసలాయన చెవి తెగి మెడంతా రక్తం. ఆడవాళ్ళని జుట్టు పట్టుకుని ఇసకలో ఈడ్చారు. పిల్లప్పటి నుంచీ అత్తా, పిన్నీ అని పిలిచినవాళ్ళే ఈడ్చారు.

రాంబాబు వీరదుర్గ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఎల్లిపో అత్తా," అన్నాడు మొదట, కొంచెం నెమ్మదిగానే.

"వల తగలబెట్టింది నువ్వేనా?"

చూశారా, అప్పుడు కూడా ప్రశ్నే. రాంబాబు చెయ్యి ఎడమ చెంప మీద పడింది. ఆవిడ నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవడో "రెండోది చూపించు, మీ దేవుడు చూపించమన్నాడుగా!" అని అరిచాడు. వీరదుర్గ రక్తం ఉమ్మేసి, రాంబాబు కళ్ళలోకి చూస్తూ కుడి చెంప తిప్పి చూపించింది. వాడు ఒక్క క్షణం తడబడ్డాడు. అందరూ చూస్తున్నారు మరి, కొట్టాడు.

అప్పటికే వెంకట్ పడవల వైపు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. చేతిలో తెడ్డు ఉంది. రాంబాబుకి వీపు వైపు నుంచి వస్తున్నాడు గనక రాంబాబుకి కనబడలేదు, వీరదుర్గకి కనబడ్డాడు. ఎన్నడూ మూతపడని నోరు ఆ ఒక్కసారి మూతపడే ఉంది. తెడ్డు తల వెనక తగిలింది. రాంబాబు ఆవిడ మీదికే ఒరిగి, ఆవిడ చీర మీదుగా జారి కాళ్ళ దగ్గర పడ్డాడు. వెంకట్ ఇంకోసారి కొట్టాడు. మూడోసారి ఎత్తితే ఎవరో లాక్కున్నారు.

రాంబాబు చావలేదు. బందరు ఆసుపత్రిలో నెలా పదిరోజులుండి ఇంటికొచ్చాడు. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఇరవై ఐదేళ్ళవాడికి తల్లి పెద్దింట్లమ్మ గంజి పట్టి, మూతి తుడిచి, పక్కబట్టలు మార్చింది. వెంకట్‌ని పోలీసులు పట్టుకెళ్ళారు, మూడు నెలలకి బెయిలు మీద వచ్చాడు. అటువాళ్ళ మీద కూడా కేసులు పడ్డాయి. వెంకట్ తర్వాత అనూషని చేసుకున్నాడు, ఒక ఆడపిల్ల పుట్టింది.

ఈ నాలుగేళ్ళూ వీరదుర్గ ప్రతి కూడికకీ వెళ్ళింది. ఏవేవో అడిగింది. ఒక్క ప్రశ్న మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. వలల పాక మీదుగా నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేది.

ఈలోగా పూర్ణచంద్రరావుగారు పార్టీ మారాడు. తొమ్మిదిళ్ళని వెనకేసుకొచ్చిన ఎదటి పక్షంతో ఒకే వేదిక మీద దండలు వేసుకున్నాడు. ఇప్పుడు రెండు వర్గాలూ ఆయన మనుషులే గనక కేసులుంటే ఆయనకి ఇబ్బంది. పాలెం వచ్చి, పెద్దల్ని కూర్చోబెట్టి, జేమ్స్‌ని కూడా పిలిపించి రాజీ కుదిర్చాడు. ఇటు కేసులో ఎవరూ చూడలేదు, అటు కేసులో ఎవరూ చూడలేదు. రాంబాబు పడవ అంచు తగిలి పడ్డాడు. తొమ్మిదిళ్ళకీ వెలి తీసేస్తారు. ప్రార్థన పాక స్థలం పాస్టరు పేర రాయిస్తారు. పోతయ్య, సొంత కొడుకు సంగతై ఉండి కూడా, తల వంచుకుని సరేనన్నాడు. ఊరు బతకాలి మరి.

పోలీసులు రాసుకున్న సాక్షుల్లో వీరదుర్గ పేరుంది. ఆవిడ ఒక్కతీ సరేననలేదు, కాదనీ అనలేదు.

కోర్టు వాయిదాకి మూడు రోజుల ముందు జేమ్స్ ఇంటికొచ్చాడు. విరిగిన చెయ్యి సరిగ్గా అతకలేదు, కొంచెం వంకరగా ఉండిపోయింది.

"అందరితో సమాధానంగా, సఖ్యంగా ఉండమని వాక్యం కదా దుర్గమ్మగారూ. తొమ్మిదిళ్ళ పిల్లలు పంపు దగ్గర నీళ్ళు పట్టుకోవాలి. మీ మనవరాలు కూడా. మీ కొడుకే కదా బతికి బయటపడేది."

"అబద్ధం చెప్తే అది సమాధానమవుద్దా పాస్టరుగారూ?"

"నన్ను తన్నినవాళ్ళని నేను క్షమించేశాను."

"అది మీ చెయ్యి, మీ ఇష్టం. రాంబాబు నోరు ఎవరిది? వాడి తరఫున మీరెట్టా క్షమిస్తారు?" వీరదుర్గ గొంతు తగ్గించింది. అడిగేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించడం జేమ్స్ ఎప్పుడూ చూడలేదు. "నాలుగేళ్ళ నుంచి ఒకటి అడగాలనుంది. రెండో చెంప చూపించేటప్పుడు లోపల కసి ఉంటే, వీణ్ణి ఎవరన్నా నరికితే బాగుండనుకుంటా చూపిస్తే, అప్పుడది ఎవరి మాట విన్నట్టు? ప్రభువుదా, సైతానుదా?"

జేమ్స్ లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. "నేను రాజీకి మాటిచ్చేశానమ్మా," అన్నాడు. ఆ ప్రశ్నకి అది జవాబు కాదని అతనికీ తెలుసు.

మర్నాడు పెద్దింట్లమ్మ వచ్చింది. వెలి పడ్డ ఇంటి గడప ఊరి పెద్ద భార్య తొక్కడం ఎవరైనా చూస్తే ఏమవుతుందో తెలిసే వచ్చింది. చేతికి ఇంకా గంజి అంటుకుని ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీ మొగుడు పోయినప్పుడు నువ్వు మా ఆయన్ని ఒక మాటడిగావు దుర్గా. తలుపెనక నిలబడి విన్నాను. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. అయినా నోరెత్తలేదు. ఇప్పుడు అదే మాట నేను నిన్నడగాలి. ఊళ్ళో ఒక్కళ్ళకీ కళ్ళు లేవా?"

వీరదుర్గ తల దించుకుంది. అందర్నీ అడగడమే గాని, తనని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో ఆ వేళ తెలిసింది. పెద్దింట్లమ్మ జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ సంగతి వెంకట్‌కి తెలిసింది. సాయంత్రం వాకిట్లో బిందెని తన్నుకుంటూ వచ్చాడు.

"పడవ అంచు తగిలిందని చెప్తావా, చెప్పవా?"

"మీ నాన్నకి కూడా పడవ అంచే తగిలిందిరా."

"నీ కోసం కొట్టానే! నిన్ను కొట్టాడని కొట్టాను! ఇప్పుడు నన్నే లోపలేయిస్తావా?" అని మీదికొచ్చాడు. అనూష అడ్డం పడబోయింది. వాడు అనూషని తోసేసి తల్లిని లాగి కొట్టాడు. అదే ఎడమ చెంప. వాళ్ళ నాన్న కొట్టిన చోటే, రాంబాబు కొట్టిన చోటే.

వీరదుర్గ పడలేదు, ఏడవలేదు. గోడ పట్టుకుని కొడుకు చెయ్యి వైపు చూసింది. నా కోసం లేచిన చెయ్యి అనే కదా ఇన్నాళ్ళూ నీకు అన్నం ముద్దలు కలిపి పెట్టాను, అనుకుంది. ఆ చెయ్యి తన కోసం లేచింది కాదు. ఒకసారి లేచి, ఏమీ కాదని తెలిస్తే మళ్ళీ మళ్ళీ లేచే చెయ్యి. మూల నక్కిన అనూష ఒళ్ళో రెండేళ్ళ పిల్ల వాళ్ళ నాన్న చేతినే చూస్తోంది. ఆ పిల్ల చూపు చూశాక వీరదుర్గకి ఇంక ఎవర్నీ ఏమీ అడగాలనిపించలేదు.

బందరు కోర్టులో ఆ రోజు ఉక్కపోత. పాలెం వాళ్ళు వరసగా బోనెక్కి దిగారు. ఊరంతా చూసిన సంగతికి కోర్టులో ఊరికి కళ్ళు పోయాయి. ఒకడు ఆ రోజు వేటలో ఉన్నాడు, ఒకడికి జ్వరం, ఒకడికి చత్వారం. పోతయ్య "పడవ అంచు తగిలిందండీ" అని చెప్పి బోనులోంచి దిగుతూ మెట్టు తప్పి తూలాడు. జేమ్స్ వంతొచ్చింది. "నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నానండి," అన్నాడు. వంకర చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. సర్కారు వకీలు విసుగెత్తి కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆఖరి సాక్షి ఎటూ ముద్దాయి అమ్మే, ఆవిడ కూడా అదే అంటుంది, భోజనానికి పోవచ్చు అనుకున్నాడు.

"దేవుని ఎదుట ప్రమాణం చేసి..." అని గుమాస్తా మొదలుపెట్టాడు.

"ఒట్టు పెట్టుకోనండి. నిజం చెప్తాను, రాసుకోండి," అంది వీరదుర్గ.

జడ్జిగారు ఆడమనిషి. కళ్ళజోడు సవరించుకుని చూసింది. "సరే, దేవుడి పేరు లేకుండానే చెప్పనివ్వండి," అంది.

"రాంబాబు తల మీద ఎవరు కొట్టారో నువ్వు చూశావా?" సర్కారు వకీలు కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు.

"చూశానండి. నా కొడుకు వెంకటండి. తెడ్డుతో, రెండుసార్లు."

వకీలు చేతిలో కాగితాలు జారాయి. హాలంతా ఒక్కసారి గుసగుసలు లేచాయి. వెంకట్ ముద్దాయి బోనులోంచి "అమ్మా!" అని అరిచాడు. చిన్నప్పుడు నీళ్ళలో పడినప్పుడు కూడా అలాగే అరిచాడు. వీరదుర్గ వాడి వైపు చూసింది. అయినా ఆగలేదు.

"ఇంకా ఉందండి. అది కూడా రాసుకోండి. వాడొస్తంటే నేను చూశాను. రాంబాబుకి వీపెనక కాబట్టి రాంబాబు చూళ్ళేదు, నేను చూశాను. 'ఒరేయ్' అంటే చాలు, ఆగేవోడు. నోరు లేనిదాన్ని కాదు, ఊరందరికీ తెలుసు. అనలేదండి. కొట్టాలనే అనుకున్నాను. వాడు రాంబాబుని కొట్టాలనే నేను చెంప తిప్పి పెట్టాను. దానికేం శిక్షో నాకు తెలవదు. అది కూడా వెయ్యండి."

ముద్దాయి తరఫు వకీలు ఎగిరి లేచాడు. "నీ కన్నకొడుకేనా ఇతను?"

"నేనే కన్నానండి. ఇంకెవరు కంటారు?"

పదిహేను రోజులకి తీర్పొచ్చింది. వెంకట్‌కి ఏడేళ్ళు. వీరదుర్గకి కోర్టు ఏ శిక్షా వెయ్యలేదు. నోరు తెరవనందుకు చట్టంలో ఏమీ రాసిలేదట. వెంకట్‌ని వ్యాన్ ఎక్కిస్తుంటే ఆవిడ దగ్గరికెళ్ళింది. వాడు మొహం తిప్పుకున్నాడు. వ్యాన్ గేటు దాటిందాకా అక్కడే నిలబడి, అప్పుడు వరండా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు ఏడవనిదీ, రాంబాబు పడినప్పుడు ఏడవనిదీ కలిపి ఏడ్చింది. అనూష పిల్లని ఎత్తుకుని దూరంగా ఇంకో మెట్టు మీద కూర్చుంది.

పెద్దింట్లమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. వీరదుర్గ లేచింది. పెద్దింట్లమ్మ లాగి కొట్టింది, చెంప మీద, ఉన్న బలమంతా పెట్టి. వరండాలో వకీళ్ళు తిరిగి చూశారు.

"ఒక్క కేక! ఒక్క కేక వేస్తే నా కొడుకు ఇయ్యాళ అన్నం కలుపుకు తినేవోడు కదే!"

"అవునక్కా."

"ఏం, రెండోది చూపించవేం?"

"చూపించనక్కా. ఇంకెప్పుడూ చూపించను," అంది వీరదుర్గ. మళ్ళీ లేచిన ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది. పెద్దింట్లమ్మ లాక్కోబోయింది, వీరదుర్గ వదల్లేదు. కాసేపటికి ఆ చెయ్యి లాక్కోవడం మానేసింది. ఇద్దరూ అలాగే నిలబడి ఏడ్చారు.

"గంజి వేళైంది," అంది పెద్దింట్లమ్మ చివరికి. "నడుం నెప్పితో వాణ్ణి ఒక్కదాన్నే లేపలేకపోతన్నాను."

"నేనొస్తాను. ఇయ్యాళ్టి నుంచి రోజూ వస్తాను."

నాగాయలంక బస్సు ఎక్కారు. వీరదుర్గకి వెలి ఇంకా తియ్యలేదు, ఇప్పుడు జన్మలో తియ్యరు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. అనూష ఆవిడ పక్కన కూర్చోవడం ఇష్టం లేక పిల్లని అత్త ఒళ్ళో పడేసి వెనక సీట్లోకి వెళ్ళింది. పక్కన ఖాళీగా ఉన్న చోట పెద్దింట్లమ్మ కూర్చుంది. ఆ బస్సులో పోతయ్యతో కలిపి పాలెం వాళ్ళు పదిహేను మంది ఉన్నారు. అందరూ చూశారు.